అడుగులకు అరిసెలు – ఆ తరువాత ఆటస్థలము

మన ఇండ్లలో పసిబిడ్డ ఎదుగుదలను పిండివంటలతో లెక్కించుట తరతరముల ఆచారము. బిడ్డ బోర్లపడిన నాడు బొబ్బట్లు, కూర్చున్న నాడు కుడుములు, గడప దాటిన నాడు గారెలు, తొలి అడుగులు వేసిన నాడు అరిసెలు వండి ఇరుగుపొరుగు ఇండ్లకు పంచుదురు. అక్షరము ముక్క రాని అవ్వలు కూడ బిడ్డకు తన దేహము ఏ వరుసలో వశమగునో చక్కగా కనిపెట్టి, ఒక్కొక్క మెట్టును ఒక్కొక్క పండుగగా నిలిపిరి.

అయితే అరిసెలతో ఈ లెక్క ముగిసిపోవుచున్నది. నడక వచ్చిన బిడ్డ పరుగును ఎప్పుడు నేర్చెను? ఒంటికాలిపై కుంటుటను ఎప్పుడు నేర్చెను? బంతిని గురిగా విసరుటయు, ఎగిరివచ్చు బంతిని పట్టుటయు నేర్చెనా, లేదా? ఈ ప్రశ్నలు అడుగువారు లేరు. “వయసు వచ్చిన అవే వచ్చును” అని పెద్దల నమ్మకము. ఈ నమ్మకము సగము మాత్రమే నిజము. నడక చాలవరకు తనంతట వచ్చును. విసరుట, పట్టుట, కుంటుట, దూకి నిలద్రొక్కుకొనుట మున్నగునవి చోటును, తీరికయు, చూపించువారును ఉన్ననే పూర్తిగా వచ్చును. అక్షరములవలెనే అవియు నేర్చుకొనవలసిన విద్యలు.

ఈ సంగతిని ఉపాధ్యాయులకు గాక పంచాయతీ సభ్యులకు ఏల చెప్పుచున్నామని మీరు అడుగవచ్చును. పలకయు బలపమును ఒడిలో పెట్టుకొని అక్షరము దిద్దవచ్చును గాని, పరుగును ఒడిలో పెట్టుకొని నేర్వజాలము. దానికి నేల కావలెను. గ్రామమునందు ఆ నేలను కాపాడు అధికారము, బాధ్యత పెక్కుచోట్ల మీ చేతులలోనే యున్నవి.

ఒక పాఠశాల ఆవరణలో

ఇటీవల మేము ఒక గ్రామ పాఠశాలను చూడబోయితిమి. ఆవరణలో ఒక మూల ఎవరిదో ధాన్యము ఆరబోసియున్నది. వేరొక మూల కంకర పోసియున్నది. మిగిలిన చోట పదిమంది బాలురు బంతియాట ఆడుచున్నారు. బంతి దొర్లిపోయి గోడచెంత కూర్చున్న ఒక బాలిక పాదముల వద్ద ఆగినది. ఆమెకు పదేండ్లుండవచ్చును. “ఇటు విసురు” అని బాలురు కేకవేసిరి. ఆమె లేచి, రెండు పాదములు జతగా పెట్టి, రెండు చేతులతో బంతిని తలపై కెత్తి వదలెను. బంతి నాలుగడుగుల దూరమున పడినది. బాలురు నవ్విరి. ఆమె మరల గోడచెంతకు పోయి కూర్చుండెను.

మా ప్రక్కనున్న ఉపాధ్యాయుడు, “ఆ పిల్లకు ఆటలు రావండి. చదువులో మాత్రం ముందుంటుంది” అనెను. ఆయన మంచివాడే, మాటలో దురుద్దేశము లేదు. కాని మేము ఆ మాటను గురించి చాలసేపు ఆలోచించితిమి. ఒక బిడ్డకు చదువు రాకున్న, “దీనికి అక్షరములు రావు” అని ఏ ఉపాధ్యాయుడైనను వదలివేయునా? దగ్గర కూర్చుండబెట్టుకొని చేయిపట్టి దిద్దించును. విసరుట రాని బిడ్డ విషయమున మాత్రము రాకపోవుటయే ఆమె స్వభావమైనట్లు మనము మాటలాడుదుము.

అదే పాఠశాలలోని ఒక ఉపాధ్యాయిని ఆ సాయంకాలము బాలికను పిలిచి ఒకే ఒక సంగతి చూపెను. కుడిచేతితో విసరునపుడు ఎడమ కాలు ముందునకు వేయవలెను. ఎడమ భుజము గురివైపు త్రిప్పవలెను. మొదట ఏడెనిమిది మారులు కాలును చేయియు కలిసి రాలేదు. తరువాత కలిసినవి. చీకటి పడుసరికి బంతి పదిహేను అడుగులు దాటినది. ఆ బాలికకు “రానిది” ఏదియు లేదు. ఎవరును చూపలేదు, అంతే.

చలనములు మూడు తెగలు

మానవ చలన శాస్త్రజ్ఞులు మూల చలన నైపుణ్యములను మూడు తెగలుగా విభజింతురు. దేహమును ఒకచోటి నుండి మరియొక చోటికి చేర్చునవి మొదటి తెగ. పరుగు, దూకుడు, కుంటుట, గెంతుట ఇందులోనివి. నిలకడకు సంబంధించినవి రెండవ తెగ. ఒంటికాలిపై నిలుచుట, సన్నని గట్టుపై నడచుట, వంగుట, మలగుట, దూకిన చోట పడిపోక ఆగుట ఇందులోనివి. వస్తువులను చేతితోగాని కాలితోగాని నడపునవి మూడవ తెగ. విసరుట, పట్టుట, తన్నుట, కర్రతో కొట్టుట ఇందు చేరును.

అక్షరమాల వచ్చినవాడు ఏ పుస్తకమునైనను చదువ యత్నించును. ఈ మూడు తెగల చలనములు వచ్చినవాడు ఏ ఆటనైనను, ఏ పనినైనను నేర్వ సాహసించును. ఇవి రాని బిడ్డ నలుగురిలో నవ్వులపాలగుదునని వెనుకాడును. వెనుకాడుటచే అభ్యాసము తగ్గును. అభ్యాసము లేక మరింత వెనుకపడును. గోడచెంత కూర్చున్న బాలిక కథ ఇదియే.

ఇవి అబ్బుటకు అనువైన కాలము సుమారు రెండవ ఏట నుండి ఏడెనిమిదవ ఏటి వరకు. మూడేండ్ల బిడ్డకు బంతి వేసిన చేతులు కర్రలవలె చాచి, బంతిని రొమ్మునకు హత్తుకొనును. అభ్యాసము దొరికిన బిడ్డ ఆరేడేండ్లకు కన్నును బంతిపై నిలిపి వట్టి చేతులతో పట్టగలదు. అయిదేండ్లు నిండిన బిడ్డ సాధారణముగా ఒంటికాలిపై కుంటగలదు. పెద్దవారైన పిదప నేర్వలేరని కాదు. మా బాలిక పదవ ఏట నేర్చెను. కాని ఆలస్యమైన కొలది సిగ్గు అడ్డువచ్చును.

కొందరు బిడ్డలకు ఆలస్యము వెనుక వైద్య కారణము లుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశముతో సహా ఐదు దేశముల బిడ్డలను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారము, ఆరోగ్యవంతులైన బిడ్డలు ఆసరా లేకుండ కూర్చుండుట సుమారు 4 నుండి 9 నెలల మధ్యను, స్వయముగా నడచుట సుమారు 8 నుండి 18 నెలల మధ్యను జరుగుచున్నది. కావున పొరుగు బిడ్డ పదవ నెలలో నడచెనని, మన బిడ్డ పద్నాలుగవ నెలలో కూడ నడవలేదని బెంగపడ నక్కరలేదు. పదునెనిమిది నెలలు నిండినను నడువని బిడ్డను మాత్రము వైద్యునికి చూపితీరవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను బిడ్డలను పరీక్షించు ఏర్పాటు కలదు.

నేర్పు ఎట్లు అబ్బును?

కండరములు లాగును, ఎముకలు కదలును. కాని ఎప్పుడు, ఎంత లాగవలెనో చెప్పునది మెదడు. తల వెనుక భాగమున నున్న చిన్నమెదడు చలనములను సరిదిద్దుచు, కూర్చుచు ఉండును. చెవి లోపలి భాగము దేహము వాలినదో నిలిచినదో తెలుపును. కండరములు, కీళ్లు తామెక్కడ నున్నవో క్షణక్షణము మెదడునకు వార్త పంపుచుండును. ఈ వార్తలను కలిపి ఒక పనిగా మలచుట అభ్యాసముచేతనే వచ్చును.

1967లో ఫిట్స్, పోస్నర్ అను ఇద్దరు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ అభ్యాసమును మూడు దశలుగా వివరించిరి. సైకిలు నేర్చుకొన్న వారెల్లరును ఈ మూడింటిని దాటినవారే. మొదటి దశలో ప్రతి సంగతిని తలచుకొని చేయవలెను. కాలు త్రొక్కిన చేయి వంకర పోవును. చేయి సరిచేసిన కాలు ఆగిపోవును. రెండవ దశలో తప్పులు తగ్గును. మూడవ దశలో దేహము తనంతట చేసికొనిపోవును. పొరుగువానితో మాటలాడుచు కూడ సైకిలు త్రొక్కవచ్చును. మొదటి దశలో నున్న బిడ్డను చూచి నవ్వినచో ఆ బిడ్డ రెండవ దశకు చేరకయే ఆగిపోవును. ఇది పెద్దలు గుర్తుంచుకొనదగిన సంగతి.

మరియొక సంగతి. నికొలాయ్ బెర్న్‌స్టైన్ అను రష్యా శాస్త్రజ్ఞుడు 1920ల దశకమున మాస్కోలో ఉలిపై సుత్తితో కొట్టు పనివాండ్ర చలనములను ఛాయాచిత్రములు తీసి పరిశీలించెను. ఆరితేరిన పనివాని సుత్తి గురి తప్పుట లేదు. అయినను భుజము, మోచేయి, మణికట్టు కదలిన తీరు ఏ రెండు దెబ్బలకును సరిగా ఒకటి కాదు! మన ఊరి కొలిమి చెంత నిలిచి చూచినను ఈ విషయము తెలియును. ఇనుము పరిమాణము, వేడిమి మారిన కొలది కమ్మరి దెబ్బ మారును. నేర్పు అనగా ఒకే కదలికను చిలుక పలుకువలె వల్లెవేయుట కాదు. మారుచున్న పరిస్థితికి తగినట్లు ప్రతిమారును క్రొత్తగా పరిష్కరించుకొనుట. కావుననే బిడ్డలకు పెద్ద బంతి, చిన్న బంతి, దగ్గరి గురి, దూరపు గురి, మెత్తని నేల, గట్టి నేల అన్నియు కావలెను.

మన ఆటలలోని శాస్త్రము

ఇట్టి వైవిధ్యమును మన పూర్వులు ఆటలలో ఇమిడ్చిరి. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి నిలకడయు, గీత త్రొక్కకుండ గెంతుటయు అలవడును. ఏడు పెంకులాటలో గురిచూచి విసరుట, తప్పించుకొనుట, పెంకులు పేర్చు చేతినేర్పు ఉన్నవి. కోస్తాలో గోటీబిళ్ల అనియు, తెలంగాణలో చిర్రగోనె అనియు పిలుచు ఆటలో, గాలిలోని బిళ్లను కర్రతో కొట్టవలెను. కంటికిని చేతికిని ఇంతకన్న కఠినమైన పరీక్ష అరుదు. అచ్చనగాయలు వ్రేళ్లకు చురుకునిచ్చును. కోతికొమ్మచ్చి ఎక్కుట, వ్రేలాడుట, దూకుట నేర్పును. కోలాటము, బతుకమ్మ ఆటలలో అడుగును చేతి దెబ్బయు పాట లయతో కలియును. చెడుగుడులో ఊపిరి, చురుకు, పట్టు, మలుపు అన్నియు ఉన్నవి. 1990లో బీజింగులో జరిగిన ఆసియా క్రీడలలో ఆ ఆట కబడ్డీ పేర పతకముల ఆటయైనది. 2010లో గ్వాంగ్‌జౌలో స్త్రీలకును పోటీ ఏర్పడినది.

అయితే ఈ ఆటలను పొగడుట వలననే అవి బ్రతుకవు. ఒకప్పుడు పెద్ద పిల్లలను చూచి చిన్నపిల్లలు వీథిలో నేర్చిరి. నేడు వీథి సిమెంటు బాటయైనది. దానిపై మోటారు సైకిళ్లు పరుగిడుచున్నవి. సాయంకాలపు తీరికను ఫోను తెర మ్రింగుచున్నది. వీథి చేసిన బోధనను ఇప్పుడు ఎవరో ఒకరు పూని చేయవలసియున్నది.

డ్రిల్లు వేరు, వ్యాయామ విద్య వేరు

మన గ్రామములలో నేటికిని “డ్రిల్లు మాస్టారు” అను పిలుపు కలదు. బారులు తీరి, ఆజ్ఞ వినబడగానే చేతులెత్తి దింపుట ఆనాటి వ్యాయామము. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున, 1920లో హెచ్. సి. బక్ అను ఆయన మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. వ్యాయామోపాధ్యాయులకు శాస్త్రీయ శిక్షణనిచ్చు సంస్థలలో అది మన దేశమునకు మార్గదర్శకమైనది. వీరఘట్టమున జన్మించి మహాబలశాలిగా ప్రసిద్ధిగాంచిన కోడి రామమూర్తి నాయుడు గారు కూడ విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసినవారే.

డ్రిల్లు నడిపించువాడు అందరును ఒకే విధముగ కదలిరా యని చూచును. వ్యాయామ విద్య నేర్పువాడు ఏ బిడ్డ ఏ దశలో నున్నదో చూచి తరువాతి మెట్టు చూపును. ఆటలపోటీ కూడ వ్యాయామ విద్యకు బదులు కాజాలదు. పోటీలో ఆడువారు పదిమంది, చూచువారు నూరుమంది. ఆట బాగుగ వచ్చినవానికే మరింత ఆట దొరకును. వ్యాయామ విద్య ఎవరికొరకు ముఖ్యముగా కావలెనో, ఆ బిడ్డలు చప్పట్లు కొట్టువారిలో మిగిలిపోవుదురు.

“మా పిల్లలు పొలములో పనిచేయుదురు, వేరే వ్యాయామ మెందుకు?” అని కొందరు పెద్దలు అందురు. పొలము పని దేహమునకు శ్రమ నిచ్చుట నిజమే. కాని కలుపు తీయుటలోను, మూటలు మోయుటలోను ఒకే భంగిమ గంటలకొలది సాగును; అందు అలుపు కలదు గాని వైవిధ్యము లేదు. పైగా ఎదుగు వయసున బరువు పని ఎముకలకును కీళ్లకును హాని చేయవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారము 5 నుండి 17 ఏండ్ల వయసువారికి సగటున దినమునకు 60 నిముషములు, ఊపిరి వడిగా ఆడునంతటి దేహశ్రమ కావలెను. అందు వారమునకు కనీసము మూడు దినములు కండరములను, ఎముకలను బలపరచునవి ఉండవలెను. పరుగు, దూకుడు, ఎక్కుట ఇట్టివే.

“ఆటలతో చదువు చెడును” అను భయము కూడ కలదు. వ్యాయామమునకు ఒక పీరియడు కేటాయించుట వలన మార్కులు తగ్గవని పరిశోధనలలో తేలినది. పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడును లెక్కలకో సైన్సుకో అప్పగించు అలవాటు పెక్కు పాఠశాలలలో కలదు. అందువలన లాభించునది స్వల్పము.

మిగిలిపోవుచున్న వారు

2016 నాటి వివరములను బట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు లెక్కించగా, 11 నుండి 17 ఏండ్ల పిల్లలలో నూటికి 81 మందికి చాలినంత దేహశ్రమ లేదు. బాలురలో నూటికి 78, బాలికలలో నూటికి 85. మన గ్రామములందు ఈ వ్యత్యాసము కంటికి కనబడుచునే యున్నది. అయిదవ తరగతి వరకు పరుగెత్తిన బాలిక ఏడవ తరగతికి వచ్చుసరికి గోడచెంతకు చేరును. కారణములు వెదుకుటకు దూరము పోనక్కరలేదు. ఆటస్థలము రోడ్డు ప్రక్క నుండును. దారిని పోవువారు నిలిచి చూచుచుందురు. మరుగుదొడ్డి ఉండదు, ఉన్నను నీరుండదు. ఋతుదినములలో ఏమి చేయవలెనో చెప్పువారుండరు. ఇవి ఆటకు సంబంధించిన లోపములు కావు. పంచాయతీ తీర్పదగిన లోపములు.

శ్రీకాకుళము జిల్లాలో పెరిగిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోగ్రాముల బరువెత్తి కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ యైరి. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన దీప్తి జీవంజి గారు, బుద్ధివికాసమున వెనుకబాటు గలవారి తరగతిలో, 2024 పారిస్ పారాలింపిక్సున 400 మీటర్ల పరుగులో కాంస్యము గెలిచిరి. చిన్ననాట ఆమె హేళనలకు గురియైరి. పాఠశాలలో ఒక వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గమనించెను. ఆ ఊరి పాఠశాలలో పరుగెత్తుటకు చోటు లేకున్నను, చూచు కన్ను లేకున్నను ఆ పరుగు ఎవరికిని తెలియకయే పోయెడిది.

ప్రతి బిడ్డయు పతకము తేవలెనని మా ఉద్దేశము కాదు, తేదు కూడ. కాని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము క్రీడలలో పాల్గొనుటకు వారికి హక్కు కలదని చెప్పుచున్నది. చక్రాల కుర్చీలో నున్న బిడ్డ బంతి విసరగలదు, పట్టగలదు. చూపు లేని బిడ్డ గజ్జెలు కట్టిన బంతిని చప్పుడును బట్టి ఆపగలదు. వారిని లెక్కవ్రాయు పనికి కూర్చుండబెట్టుట జాలి కావచ్చును గాని న్యాయము కాదు.

ఈత: ప్రాణము నిలుపు విద్య

ఒక చలనము విషయమున ఉపేక్ష ప్రాణాంతకము. అది ఈత. 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో దాదాపు నాల్గవ వంతు అయిదేండ్ల లోపు పసివారు. చెరువులు, కాలువలు, వ్యవసాయపు కుంటలు గల గ్రామములలో ఈ భయము ఎంత దగ్గరిదో మీకు చెప్పనక్కరలేదు. పూర్వము నడుమునకు మునగబెండ్లు కట్టి దిగుడుబావిలో ఈత నేర్పెడివారు. బావులు పూడిపోయినవి, ఆ బోధనయు పోయినది. ఆరేండ్లు దాటిన బిడ్డలకు ఈతయు, నీటియొద్ద జాగ్రత్తలును నేర్పవలెనని ఆ సంస్థ సూచించుచున్నది. లోతు కొలిచిన చోట, ఈత బాగుగ వచ్చిన పెద్దల కాపుదలలో, త్రాళ్లు, గాలి నింపిన ట్యూబులు సిద్ధముగ నుంచుకొని మాత్రమే ఇది చేయవలెను. పసివారు తిరుగుచోట నున్న కుంటలకు కంచె వేయుట పంచాయతీ తొలి కర్తవ్యము.

నేల ఎవరిది?

మేము చూచిన ఆ గ్రామమున సర్పంచి గారు మాతో ఒక ఆలోచన చెప్పిరి. పాఠశాల ప్రక్కనున్న ఖాళీస్థలమున వరుసగా కొట్లు కట్టి అద్దెకిచ్చిన పంచాయతీకి ఆదాయము వచ్చును కదా యని. ఆ మాటలో స్వార్థము లేదు. వీథి దీపముల బిల్లులు, నీటి మోటారుల మరమ్మతులు ఆయన నెత్తిన నున్నవి. రాబోవు గ్రామసభలో ఆ విషయము చర్చకు రానున్నది. ఆయనకు మేము చెప్పినదే ఇచ్చటను చెప్పుచున్నాము. కొట్లకు వేరొక చోటు వెదుకవచ్చును. బడిప్రక్క నేల ఒకమారు గోడల పాలైన మరల నేలగా మారదు.

చట్టము కూడ ఈ విషయమున పిల్లల పక్షముననే యున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము పాఠశాలకు ఉండవలసిన వసతులలో ఆటస్థలమును చేర్చినది; తరగతులకు ఆటవస్తువులు ఇయ్యవలెననియు చెప్పినది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి ప్రజల ఉమ్మడి వాడుకకు మరల అప్పగించుటకు పథకములు సిద్ధపరుపవలెనని సుప్రీం కోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రములను ఆదేశించెను. తెలంగాణలో 2022లో గ్రామ క్రీడా ప్రాంగణముల ఏర్పాటు మొదలైనది. ప్రాంగణమునకు పేరుపలక నాటుట సులభము. దానిపై ముండ్లచెట్లు మొలవకుండ, పశువులు కట్టకుండ చూచుట పంచాయతీ నిత్యకృత్యము.

ఎంత నేల కావలెనని సందేహింప నక్కరలేదు. పురుషుల కబడ్డీ గీత 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అనగా మూడు సెంట్లకు కొంచెము ఎక్కువ, లేదా సుమారు గుంటన్నర లోపు. స్త్రీలకు ఇంకను తక్కువ, 12 మీటర్లు, 8 మీటర్లు. చుట్టును కొంత ఖాళీ చేర్చినను, పది సెంట్ల స్థలమున ఒక తరగతి పిల్లలకు పని దొరకును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, కొలత. ఊరిలో పిల్లలు ఆడదగిన ఉమ్మడి నేల ఎంత కలదో రికార్డుల ప్రకారము కొలిపించి, హద్దురాళ్లు నాటించి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. అందరికి తెలిసిన హద్దును జరుపుట కష్టము.

రెండవది, నేల శుభ్రత. గాజుపెంకులు, రాళ్లు, ముండ్లు ఏరించి, గుంటలు పూడ్పించి, త్రాగునీరు, నీడ, మరుగుదొడ్డి అమర్పవలెను. ఎండకాలమున ఉదయ సాయంకాలములందే ఆటలు సాగవలెను.

మూడవది, సామగ్రి. దీనికి పెద్ద పద్దు అక్కరలేదు. ముగ్గుపిండితో గీతలు గీయవచ్చును. గుడ్డబంతులు ఇంటనే కుట్టవచ్చును. చిన్నపిల్లలకు గట్టి బంతికన్న అవియే మేలు. పాత టైర్లు నేలలో సగము పాతిన దూకుటకు, ఎక్కుటకు పనికివచ్చును. తాటి దూలమును నేలకు జానెడెత్తున కదలకుండ అమర్చిన నిలకడ అభ్యసింపవచ్చును. దూకుటకు ఇసుక గుంట, గెంతుటకు త్రాడు చాలును.

నాల్గవది, మనిషి. ప్రాథమిక పాఠశాలలకు ప్రత్యేక వ్యాయామోపాధ్యాయు లుండుట అరుదు. ఉపాధ్యాయులను నియమించుట పంచాయతీ చేతిలోని పని కాదు. కాని ఆటల పీరియడు ఆటలకే జరుగవలెనని పాఠశాల యాజమాన్య సంఘమున అడుగవచ్చును. ఊరిలో సైన్యమున పనిచేసి వచ్చినవారిని, కాలేజీలో ఆడిన యువతీయువకులను, కోలాటము నేర్పు పెద్దలను సాయంకాలము ఒక గంట పిలువవచ్చును. పిల్లలను ఒంటరిగా ఎవరికిని అప్పగింపక, ఇద్దరు పెద్దలు, వారిలో ఒక స్త్రీ, ఎల్లప్పుడు ఉండునట్లు నియమము చేయవలెను.

ఐదవది, బాలికల వేళ. వారమున కొన్ని సాయంకాలములు స్థలమును బాలికలకే కేటాయించి, ఆ వేళ దారిన పోవువారు గుమిగూడకుండ సభ్యులు తామే నిలిచి చూడవలెను. స్త్రీ సభ్యులు అచ్చట ఒక గంట కూర్చున్న చాలును. తల్లులకు ధైర్యము కలుగును.

ఆరవది, మీ చూపు. నెలకొకమారు ఆటస్థలమునకు పోయి, ఆడుచున్నవారిని గాక ఆడకున్నవారిని లెక్కపెట్టుడు. గోడచెంత ఎందరున్నారు? ఎందుచేత? వచ్చు నెలకు ఆ సంఖ్య తగ్గినదా? ఏ పోటీ పతకమును చెప్పజాలని సంగతిని ఈ లెక్క చెప్పును.

మన అవ్వలు అడుగులకు అరిసెలు వండి తమ వంతు నెరవేర్చిరి. అచ్చటినుండి బిడ్డ ఇల్లు దాటి ఊరిలోనికి వచ్చుచున్నది. ఇంటి గడప దాటించినది తల్లి. ఊరి నేలపై పరుగెత్తించవలసినవారు మీరు. రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో దీపములు, మురుగుకాలువలతోపాటు ఆటస్థలమును కూడ ఒక అంశముగా చేర్చవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.